కిటికీ వైపు తిరిగిన ముఖం

మొన్న మా మనవరాలు ఫోనుతో నా ఫోటో తీస్తూ, "అమ్మమ్మా, కొంచెం పక్కకు జరుగు. నడిమధ్యలో కూర్చుంటే బాగోదు" అంది. ఎందుకు బాగోదని తెలియనట్టు అడిగాను. ఫోను తెచ్చి చూపించింది. తెర మీద నిలువుగా రెండు గీతలు, అడ్డంగా రెండు గీతలు, మొత్తం తొమ్మిది గళ్ళు. గీతలు కలిసే చోట కన్ను పడాలట. ఆ పిల్లకు ఈ సంగతి కొత్తగా తెలిసిందేమో, మహా సంబరంగా చెప్పింది.

ఆ గీతలు నాకు పదేళ్ళప్పుడే తెలుసు. నేర్పిన మనిషిని నేనేం చేశానో మాత్రం ఇన్నేళ్ళలో మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మాది నెల్లూరు జిల్లా అల్లూరు. ఇంటి ముందు భాగం స్టూడియో, వెనక భాగం కాపురం. స్టూడియో అంటే ఒక పొడుగాటి గది. పైకప్పు పెంకుల మధ్య ఒక వరస అద్దాల పలకలు వేయించి ఉండేవి. వాటి కింద తెల్లగుడ్డ తెరలు, తాడు లాగితే ఇటూ అటూ జరిగేవి. మా వీధికి అప్పటికింకా కరెంటు రాలేదు. ఎండతోనే మా పని. ఒక గోడకు మేడమెట్లు, స్తంభాలు, పూలకుండీలు వేసిన పరదా. వెనక చీకటిగది, దాంట్లో ఎర్రగాజు లాంతరు. ఫోటోలు కడిగే హైపో మందు వాసన, తడి కాగితాల వాసన, కిరసనాయిలు వాసన. తూర్పుగాలి తోలిందంటే సముద్రం ఒడ్డు నుంచి వచ్చే ఎండుచేపల వాసన. మా బట్టలకూ, మేం తినే అన్నానికీ కూడా అవే వాసనలు. బడిలో నా పక్కన కూర్చునే పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు.

ఫోటోలు తీసేది నాయన. అయితే ఆ స్టూడియోకు పేరొచ్చింది మా అత్త వల్ల. అత్త అంటే నాయన చెల్లెలు. ఆమెకు చిన్నప్పుడు అమ్మవారు పోసింది. బతికింది గానీ ముఖమంతా గుంటలు పడ్డాయి, కుడికంట్లో పువ్వు వేసింది. ఆ కన్ను పాలగాజు గోళీలాగా తెల్లగా ఉండేది. ముప్పయ్యేళ్ళు దగ్గర పడుతున్నా పెళ్ళి కాలేదు. కిటికీ దగ్గర ఏటవాలు బల్ల ముందు కూర్చుని, సూదిలా చెక్కిన పెన్సిలుతో నెగెటివుల మీద జనం ముఖాల్లోని మచ్చలు పూడ్చడం ఆమె పని. మొటిమ అయినా, గాటు అయినా, కంటికింద నలుపు అయినా ఆమె చేతిలో పడితే కనిపించకుండా పోయేది. ఆ ఒక్క కంటితోనే. మా స్టూడియోలో ఫోటో తీయించుకుంటే సంబంధం కుదిరినట్టేనని చుట్టుపక్కల అనుకునేవాళ్ళు. విడవలూరు నుంచి కూడా బండ్లు కట్టుకుని ఆడపిల్లల్ని తీసుకొచ్చేవాళ్ళు.

వీధిలో పిల్లలు ఆమెను జల్లెడ మొకం అనేవాళ్ళు. నేనూ అన్నాను. ఒకరోజు పెరట్లో నలుగురు పిల్లల్ని కూడేసి, అమ్మ పిండి జల్లెడ ముఖానికి అడ్డం పెట్టుకుని అత్తలాగా నడిచి చూపిస్తున్నాను. పిల్లల నవ్వు ఉన్నట్టుండి ఆగిపోయింది. చూస్తే అత్త గుమ్మంలో ఉంది. దగ్గరికి వచ్చి జల్లెడ తీసుకుని, నా భుజం పట్టి అటు తిప్పింది.

"ఎదురెండలో నిలబడినావు మే. అట్టయితే చిల్లులు కనపడవు. వెలుతురు ఎనకనుంచి రావాల. ఇప్పుడు పెట్టుకో, చూడు ఎట్టా కనపడతాదో."

జల్లెడ నా ముఖానికి పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. అదే నా మొదటి పాఠం.

ఆ తరవాత నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పడం మొదలుపెట్టింది. ప్రేమతో నేర్పిందని చెప్పలేను. తప్పు చెబితే చెక్కస్కేలుతో వేళ్ళ కణుపుల మీద కొట్టేది. కెమెరా వెనక బొమ్మ పడే మసకగాజు మీద పెన్సిలుతో గీసిన నాలుగు గీతలు ఆమెవే. నల్లగుడ్డ కింద నా తల దూర్చి, "ఏం కనపడతా ఉంది?" అనేది.

"మనిషి తలకిందులుగా ఉండాడు."

"మనిషి సంగతి మర్చిపో. నలుపెక్కడ, తెలుపెక్కడ? అది చూడు. తలకిందులుగా ఉండేది అందుకే. వాడు ఎవురని నీకు తోచకూడదు. ముందు నాలుగంచులూ చూడు, మొకం కడాకు చూడు. తల మీద స్తంభం మొలిచిందా? కుండీ మీద కూచున్నట్టుండాడా? వాడు చూసే దిక్కున చోటు వదిలినావా? వదలకుంటే గోడకు మొకం గుద్దుకున్నట్టుంటాది."

ఒకసారి సముద్రం ఒడ్డుకు తీసుకెళ్ళి, నాయన డబ్బా కెమెరా నా మెడలో వేసింది. అప్పుడే తీరానికి లాగిన పడవలు, వాటినుంచి నీళ్ళలోకి పోయే మోకులు. "ఆ మోకు ఎమ్మిటే కన్ను పోతాది చూడు. మనం చెప్పకుండానే పోతాది. చూసేవాడి కన్నును మనం లాక్కోని పోవాల" అంది. అక్కడ చేపలు ఏరుతున్న ఆడవాళ్ళు అత్త ముఖం చూసి ఏదో అనుకుని నవ్వారు. ఆమె వాళ్ళవైపు తన తెల్లకన్ను తిప్పి నిలబడింది. వాళ్ళే తల దించుకున్నారు. నాకు ఆమె అంటే భయం, ఆమె చేతిపని అంటే పిచ్చి. ఆ రెండూ ఒకే మనిషి మీద ఉంటే ఎలా ఉంటుందో అనుభవించిన వాళ్ళకే తెలుస్తుంది.

ఇంట్లో ఆమెను ఎలా చూసేవాళ్ళో చెప్పాలి. ఏడాదికోసారి నాయన అందరినీ నిలబెట్టి గ్రూపు ఫోటో తీసేవాడు. అవ్వ నడుమ కుర్చీలో, పిల్లలం చాప మీద, పెద్దవాళ్ళు వెనక. పైనుంచి కిందికి కొండలాగా రావాలనేవాడు. అత్తను మాత్రం ఎడమ చివర, మిగతావాళ్ళకు జానెడు ఎడంగా నిలబెట్టేవాడు. అది అందం కోసం కాదు. చుట్టాలకు పంపే కాపీల్లో ఆ కొస తీసెయ్యడానికి. ప్రింట్లు వేసేది అత్తే. అవ్వ చీకటిగది తలుపు బయట నిలబడి, "ఆ కొస తీసేసి ఎయ్యి మే, నాలుగిళ్ళకు పోవాల్సినయ్యి" అనేది. అత్త నల్లకాగితం కత్తిరించి, నెగెటివు గాజుపలక మీద తన చోట సరిగ్గా అతికించి ప్రింటు వేసేది. అంచు ఎప్పుడూ వంకరపోలేదు.

అలాంటి రోజుల్లో గూడూరు నుంచి ఒక సంబంధం కబురు వచ్చింది. నిమ్మకాయల మండీలో గుమాస్తా. పెళ్ళాం పోయింది, అయిదేళ్ళ ఆడపిల్ల ఉంది. ముందు ఫోటో పంపమన్నారు.

నాయన ఆ ఒక్క ఫోటో కోసం మూడు పొద్దులు కష్టపడ్డాడు. అత్తను ముక్కాలిపీట మీద కిటికీవైపు పూర్తిగా తిప్పి కూర్చోబెట్టాడు. ఎడమచెంప మాత్రమే మనకు కనిపిస్తుంది. కుడిపక్క గోడవైపు. వెనకంతా చీకటి ఉండేటట్టు పైన తెరలన్నీ మూసి, కిటికీ దగ్గర ఒక్క తెర తీశాడు. కన్ను సరిగ్గా పై గీతా పక్క గీతా కలిసే చోట. ఆమె చూస్తున్న దిక్కున సగం బొమ్మ ఖాళీ. ఆ ఖాళీలోకి ఎవరో వస్తారని చూస్తున్నట్టు ఉండేది ఆమె. నెగెటివు ఆరాక అత్త దాన్ని బల్ల మీద పెట్టుకుని తన చెంప మీది గుంటలు తానే పూడ్చుకుంది. రెండు రోజులు పట్టింది. నేను పక్కనే కూర్చుని పెన్సిళ్ళు చెక్కాను.

ఫోటో నచ్చిందని, ఫలానా రోజు చూడటానికి వస్తామని జాబు వచ్చింది. ముఖాన నాలుగు మచ్చలు ఉన్నాయని కబురు మోసిన మనిషితో చెప్పామని అవ్వ అనేది. కన్ను సంగతి చెప్పలేదు.

ఆ నెలంతా అత్త పని చేసుకుంటూ కూనిరాగాలు తీసింది. మా ఇంట్లో ఆమె గొంతు అలా ఉంటుందని ఎవరికీ తెలియదు. చూడని ఆ అయిదేళ్ళ పిల్ల కోసం, స్టూడియో పైకప్పు తెరలకు కుట్టగా మిగిలిన తెల్లగుడ్డతో గౌను కుట్టింది. అంచుకు నీలందారం పువ్వులు వేసింది.

వాళ్ళు రావడానికి రెండు రోజుల ముందు నేను తీసిన మొదటి ఫోటో ప్రింటయింది. బావి దగ్గర అమ్మ బిందె దించి నవ్వుతున్న ఫోటో. నాకు ప్రపంచాన్ని జయించినట్టుంది. నాయనకు చూపిస్తుంటే అత్త నా చేతిలోంచి తీసుకుని చూసింది. కత్తెర తెచ్చింది. ఒక పక్క కోసింది, రెండో పక్క కోసింది, కింద కోసింది. చివరికి తపాలా బిళ్ళంత ముక్క మిగిలింది. దాంట్లో అమ్మ పళ్ళు, బిందె మూతి.

"ఇదీ బొమ్మ. మిగిలిందంతా చెత్త. నీకు కన్ను లేదు మే" అంది. కోసిన ముక్కలు తీసుకెళ్ళి పొయ్యిలో వేసింది. నాయన పడీ పడీ నవ్వాడు. నేను ఏడవలేదు. ఆ నవ్వు మాత్రం నా లోపల ఎక్కడో కూర్చుంది.

వాళ్ళు వచ్చే ముందురోజు సాయంత్రం నాయన ఒక వింత పని చేశాడు. చూడవచ్చేవాళ్ళు కూర్చునే చోట కెమెరా నిలబెట్టాడు. నల్లగుడ్డ కింద తల పెట్టి చూస్తూ, అత్తను ఫోటోలో ఉన్నట్టే కిటికీ దగ్గర కూర్చోబెట్టాడు. పీటకాళ్ళ చుట్టూ నేల మీద సుద్దముక్కతో గీశాడు. చాప ఎంతవరకు పరవాలో అదీ గీశాడు. ఆ గీత దాటి కూర్చుంటే రెండో కన్ను కనిపిస్తుంది.

"తల ఇంకొంచెం ఎత్తు. ఆఁ, అట్నే. రేపు గూడా అట్నే ఉండాల" అన్నాడు.

"వాళ్ళు ఏమన్నా అడిగితే?" అంది అత్త.

"కిటికీకి చెప్పు" అంది అవ్వ. "దగ్గొచ్చినా తల తిప్పబాక."

"పెళ్ళయినాక గూడా కిటికీ దిక్కే చూస్తా కాపురం చెయ్యాలా అన్నా?"

"తాళి పడనీ మే. పడినాక చూసుకుందాం" అన్నాడు నాయన.

మర్నాడు పొద్దున ముగ్గురు వచ్చారు. పెళ్ళికొడుకు, అతని తల్లి, మేనమామ. పెళ్ళికొడుకు బక్కపలచటి మనిషి, చేతుల దగ్గర నిమ్మకాయల వాసన వచ్చేది. ముగ్గురూ చాప మీద, సుద్దగీతకు ఇవతలే కూర్చున్నారు. ఇల్లంతా నేతి వాసన. అమ్మ సున్నుండలు, కారప్పూస పళ్ళేల్లో పెట్టి పంపింది. నేను మంచినీళ్ళ గ్లాసులు ఇచ్చాను. అత్త కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. వెలుతురు చెంప మీద నాయన అనుకున్నట్టే పడింది. అప్పుడు ఆమె ఎంత అందంగా ఉందో నేను చూశాను. అబద్ధం చెప్పను.

మేనమామ మాటకారి. జేబులోంచి ఫోటో తీసి ఒకసారి దాన్నీ, ఒకసారి అత్తనూ చూసి తల ఊపాడు.

"భలే తీసినావయ్యా. అచ్చు ఇట్నే ఉంది." తరవాత నావైపు తిరిగి, "ఏం పాపా, మీ నాయన ఇద్య నీకేమన్నా వచ్చా?" అన్నాడు.

"అంతా వచ్చు" అన్నాను.

"అబ్బో! చెప్పు మరి, చూద్దాం."

నాయన గర్వంగా నవ్వాడు. నేను ఫోటో మీద వేలు పెట్టి చెప్పాను. మనిషి నడిమధ్యలో లేదు చూడండి, కన్ను ఈ గీతల దగ్గర ఉంది. చూసే దిక్కున చోటు వదిలినాం. ఎనకంతా నలుపు పెట్టినాం, అందుకే మీ కన్ను ముందు చెంప మీదికే పోతా ఉంది. ఆయన తొడ చరిచి, "శెబాష్! ఈ పిల్ల మిమ్మల్ని మించిపోతాదయ్యా" అన్నాడు. అందరూ నన్నే చూస్తున్నారు. కిటికీ దగ్గర మనిషిని ఎవరూ చూడటం లేదు.

"మరి ఈ పక్కకే ఎందుకు తిప్పినారు?" అని నవ్వుతూ అడిగాడు.

వెలుతురు అటుపక్క నుంచి వస్తుంది కాబట్టి. అదే జవాబు. అది నిజం కూడా. నా నాలుక చివర ఉంది. నాయన కళ్ళు నామీద ఉన్నాయి. అవ్వ గుమ్మంలో నిలబడి పెదవి కొరుక్కుంటూ ఉంది. నాకు అంతా తెలుసు. పదేళ్ళ పిల్లకు ఏం తెలుసని తరవాత అందరూ అన్నారు, నేనూ చాలా ఏళ్ళు అలాగే చెప్పుకున్నాను. నాకు తెలుసు.

"ఆ పక్క కన్ను లేదు గదా. గుంటలు గూడా అటే ఎక్కువ. అయ్యి కనపడకుండా తిప్పినాం" అన్నాను.

గదిలో ఎవరో గ్లాసు కింద పెట్టిన చప్పుడు. అత్త తల తిప్పింది. ముందు వాళ్ళవైపు కాదు, నావైపు. ఆ చూపు ఎంతసేపు ఉందో చెప్పలేను.

పెళ్ళికొడుకు తల్లి లేచింది. మోకాళ్ళు పట్టుకుని సుద్దగీత దాటి వెళ్ళి, అత్త గడ్డం పట్టి ముఖం ఇటు తిప్పింది. సంతలో పశువు నోరు తెరిచి చూసినట్టు చూసింది. ఫోటో అత్త చెంప పక్కన ఆనించి పట్టుకుని, తమ్ముడితో, "ఇదేంది, ఇదేంది?" అంది. "కొంచెం అటు తిరుగమ్మా. ఇప్పుడు ఇటు. ఓయమ్మ! ఎంత మోసం!"

అత్త ఆ చెయ్యి తీసేసింది. పీట మీదనే పూర్తిగా వాళ్ళవైపు తిరిగి కూర్చుంది.

"చూసినారా? ఇంకా యాపక్క తిరగమంటారో చెప్పండి, తిరుగుతా" అంది.

తల్లి, మేనమామ తిట్టుకుంటూ చెప్పులేసుకున్నారు. పెళ్ళికొడుకు మాత్రం గుమ్మం దగ్గర ఆగి నాయనతో మెల్లిగా అన్నాడు.

"నా పెళ్ళాం అమ్మవారు పోసే పోయిందన్నా. నా బిడ్డ బతికింది గానీ దాని మొకమంతా మచ్చలే. మీ ఫోటో చూసినప్పటినించి నాకు ఒకటే బయం, ఇంత నున్నటి మొకమామె నా బిడ్డను దగ్గిరికి తీస్తాదా అని. ముందే చెప్పుంటే నేను మా అమ్మనైనా ఒప్పించుకోని ఉందును. ఇట్టా దాచిపెట్టి కూచోబెట్టినారే. ఇంక మీది ఏ మాట నమ్మేది?"

అత్తవైపు ఒకసారి చూశాడు. చెప్పులేసుకుని వాళ్ళ వెనకే వెళ్ళిపోయాడు.

నాయన కెమెరా తోలుపట్టీ తీసి నన్ను కొట్టాడు. వీపు మీద, కాళ్ళ మీద, చెయ్యి అడ్డం పెడితే చేతి మీద. అమ్మ వచ్చి లాక్కెళ్ళేదాకా కొట్టాడు. అంతసేపూ అత్త నాలుగడుగుల దూరంలో తన బల్ల ముందు కూర్చుని పెన్సిలు చెక్కుకుంటూ ఉంది. వద్దని అనలేదు. తల ఎత్తలేదు. అవ్వ సాయంత్రం దాకా గొణుగుతూనే ఉంది. తిట్టింది నన్ను కాదు, అత్తను. "కడదాకా కదలకుండా కూచోలేకపోయినావు. పిల్ల ఏదో వాగితే నువ్వెందుకు తిరగాల?"

గౌను కొన్నాళ్ళు పెట్టె మీద మడిచి ఉంది. తరవాత అవ్వ దాన్ని చించి చీకటిగదిలో ట్రేలు తుడవడానికి పడేసింది.

అంతటితో అయిపోయి ఉంటే బాగుండేది. ఆ ఫోటోను నాయన పెద్దది చేయించి, చట్టం కట్టి, వీధిలోకి కనిపించే అద్దాల పెట్టెలో పెట్టాడు. తన జీవితంలో తీసిన వాటిల్లో అదే మంచి బొమ్మ అనేవాడు. దారినపోయేవాళ్ళు ఆగి, ఎవరీమె, సినిమాల్లో వేస్తాదా అని అడిగేవాళ్ళు. "ఎవురో మద్రాసు వాళ్ళులే" అనేవాడు. అత్త అక్కడే, గజం దూరంలో కూర్చుని ఉండేది. తీసెయ్యమని ఒకసారి అడిగింది. "అంత మంచి బొమ్మ మళ్ళీ రాదు మే" అన్నాడు. మళ్ళీ అడగలేదు.

నాకు ఆమె మళ్ళీ ఏదీ నేర్పలేదు. నేను కెమెరా దగ్గరికి వెళితే మసకగాజు మీద నల్లగుడ్డ కప్పేసేది. ఏడాది తిరక్కముందే నెల్లూరులో ఒక స్టూడియోలో పనికి కుదిరి, ట్రంకుపెట్టె పట్టుకుని బస్సెక్కింది. నాయన ఆపలేదు. ఆమె పోయాక మా స్టూడియోకు జనం తగ్గారు. నాయన పెన్సిలు పట్టిన ముఖాలు పిండి పూసినట్టు ఉండేవి.

నాకు పెళ్ళయి, మొదటి బిడ్డ ఒళ్ళో ఉండగా నెల్లూరు వెళ్ళి ఆమెను వెతికి పట్టుకున్నాను. స్టూడియో వెనక ఒక చిన్న గదిలో ఉండేది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. బిడ్డను తీసుకుని వెలుతురులోకి తిప్పి చూసి మళ్ళీ ఇచ్చింది. కాసేపు కూర్చున్నాక నాకు ఏడుపొచ్చింది. తప్పయిపోయిందత్తా అన్నాను. చిన్నపిల్లను, తెలియక అనేశాను అన్నాను.

"నువ్వు అబద్దం చెప్పినావా ఏంది? ఉన్నమాటే గదా చెప్పినావు. నీ నాయనా, అవ్వా అంతకంటే పెద్ద తప్పే చేసినారు. ఆ మాటకొస్తే నేనూ చేసినాను" అంది. పొయ్యి మీద గిన్నె దించుతూ ఆగింది. "నేను నీ దిక్కు తిరిగినాను చూడు, అప్పుడు నీ మొకంలో ఎంత సంతోసం మే! నేను చేతులారా పెంచిన పిల్ల. అంత సంతోసం. అది మర్చిపోదామంటే పోలా నాకు."

నేను తెలియక అన్నానని మళ్ళీ అనలేకపోయాను.

ఆమె కంచం కడిగి నా ముందు పెట్టింది. వేడి అన్నం, మామిడికాయ ముక్కలేసిన చేపల పులుసు వడ్డించింది. బిడ్డను తన ఒళ్ళోకి తీసుకుంది, నేను తినడానికి వీలుగా. తిన్నాను. చాలా బాగుంది. ఇంకొంచెం అడిగి వేయించుకున్నాను.